‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ను ఎలా వినాలి

బ్రిటన్‌కు చెందిన మూడీ బ్లూస్ బృందం 1967 నవంబరులో వెలువరించిన ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ ఆల్బమ్‌ను మన హైదరాబాదులో పాశ్చాత్య సంగీతం వినేవారిలో చాలామంది ఒకే ఒక్క పాట ద్వారా ఎరుగుదురు. ఆ పాట ‘నైట్స్ ఇన్ వైట్ శాటిన్’. అది నచ్చి, మొత్తం ఆల్బమ్ వినాలని కూర్చున్నవారికి మొదటి ఆరు నిమిషాల్లో గిటారుగానీ డ్రమ్ముగానీ ముందుకు రాకపోగా, సినిమా మొదలయ్యేముందు వచ్చే నేపథ్య సంగీతం లాంటి ఆర్కెస్ట్రా వినిపిస్తుంది. అక్కడితో విసిగి ఆపేసినవారిని, లేదా ఆర్కెస్ట్రా భాగాలన్నీ దాటవేస్తూ పాటలు మాత్రమే ఏరుకుని విన్నవారిని నేను ఎందరినో చూశాను. నేనూ మొదట అలాగే విన్నాను. ఈ రికార్డును వినడానికి ఒక పద్ధతి ఉందని, ఆ పద్ధతిలో వింటే అది పూర్తిగా వేరే వస్తువుగా కనిపిస్తుందని తెలియడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఆ పద్ధతినే ఇక్కడ వివరంగా చెబుతాను.

ముందుగా మీరు వినబోయేది ఏమిటో మనసులో పెట్టుకోండి. ఇది కథ చెప్పే ఆల్బమ్ కాదు. ఇందులో నాయకుడు లేడు, సంఘటనలు లేవు. ఒక మామూలు మనిషి గడిపే ఒక మామూలు రోజు, తెల్లవారకముందు మొదలై నడిరాత్రి ముగిసేవరకు, ఏడు భాగాలుగా సాగుతుంది. రోజు మొదలవడం, వేకువ, ఉదయం, మధ్యాహ్న విరామం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అన్నవే ఆ భాగాలు. మొత్తం నిడివి నలభై ఒకటిన్నర నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. పాటలన్నిటినీ ఒకే భావసూత్రం మీద గుచ్చే ఇలాంటి రికార్డును కాన్సెప్ట్ ఆల్బమ్ అంటారు. ఈ రూపం రాక్ సంగీతంలో అప్పుడప్పుడే కాళ్లూనుకుంటున్నది; తరువాతి కాలంలో ప్రోగ్రెసివ్ రాక్ అని పేరుపడ్డ ధోరణికి తొలి అడుగుల్లో ఒకటిగా దీన్ని లెక్కిస్తారు. మనకు ఈ ఆలోచన కొత్తది కాదు. వేకువకు భూపాళం, మధ్యాహ్నానికి మధ్యమావతి, నిద్రపుచ్చడానికి నీలాంబరి అని వేళను బట్టి రాగాన్ని ఎంచుకునే సంప్రదాయంలో పుట్టిన చెవికి, గడియారాన్ని అనుసరించే సంగీతం తొందరగానే ఒంటబడుతుంది.

నేపథ్యం కొంచెం తెలిస్తే చాలు. 1964లో బర్మింగ్‌హామ్‌లో ఏర్పడిన ఈ బృందానికి ‘గో నౌ’ అనే పాటతో వెంటనే పెద్ద పేరు వచ్చింది, కానీ ఆ ఊపు నిలవలేదు. 1966లో ఆ పాట పాడిన డెన్నీ లేన్, బాస్ వాయించే క్లింట్ వార్విక్ వెళ్లిపోగా, వారి స్థానంలో జస్టిన్ హేవర్డ్, జాన్ లాడ్జ్ వచ్చారు. మైక్ పిండర్, రే థామస్, గ్రేమ్ ఎడ్జ్ మొదటినుంచీ ఉన్నవారే. కొత్తవారు వచ్చాక బృందం పాత రిథమ్ అండ్ బ్లూస్ బాణీని వదిలి సొంత పాటలు రాసుకోవడం మొదలుపెట్టింది. డెక్కా సంస్థ తన అనుబంధ సంస్థ డెరామ్ కోసం తయారుచేసుకున్న కొత్త స్టీరియో పద్ధతిని చాటిచెప్పడానికి వీరిచేత డ్వోర్జాక్ రాసిన ‘న్యూ వరల్డ్’ సింఫనీకి రాక్ రూపం వాయించమని అడిగిందని, వీరు దానిని పక్కనపెట్టి సొంత పాటలు రికార్డు చేశారని ఒక కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేసిన డెరెక్ వార్నల్స్ ఆ కథను తరువాత ఖండించారు కాబట్టి, దానిని నిజంగా తీసుకుని వినవలసిన పనిలేదు. నిర్మాత టోనీ క్లార్క్ అనీ, ఆర్కెస్ట్రా భాగాలను రచించి నడిపించినవారు పీటర్ నైట్ అనీ గుర్తుంచుకుంటే సరిపోతుంది.

ఇక ఏ ప్రతిని వినాలన్నది చూద్దాం. దీనిని తేలికగా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. 1967 నాటి అసలు స్టీరియో మాస్టర్ టేపు కాలక్రమంలో పాడవడంతో 1978లో దీనిని మళ్లీ మిక్స్ చేశారు, అంటే విడివిడిగా రికార్డయిన ధ్వనులను మళ్లీ ఒకటిగా కలిపారు. ఆ తరువాత వచ్చిన సీడీలు చాలావరకు ఆ 1978 మిక్స్ ఆధారంగా తయారైనవే. కొన్ని గొంతుల కలయికలు, ఆర్కెస్ట్రా నుంచి పాటలోకి జారే కొన్ని అతుకులు ఈ రెండింటిలో ఒకేలా ఉండవు. యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2017లో వెలువడిన ప్రత్యేక ప్రతిలో 1967 నాటి అసలు మిక్స్‌ను పునరుద్ధరించి ఇచ్చారు. మీ ఫోనులోని సంగీత యాప్‌లో ఒకటికి మించి ప్రతులు కనిపిస్తే, 1967 మిక్స్ అని స్పష్టంగా రాసి ఉన్నదానిని ఎంచుకోండి. రెండవసారో మూడవసారో రెండు ప్రతులనూ పక్కపక్కన విని తేడా పట్టుకోవడం మంచి అభ్యాసమే, కానీ మొదటిసారికి అది అవసరం లేదు.

పాత ఎల్పీ, అంటే సూదితో వాయించే పెద్ద రికార్డు, దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. ఎల్పీ కొనేటప్పుడు అట్టను చూసి మురిసిపోకుండా, రికార్డును బయటకు తీసి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, రెండవ వైపు లోపలి అంచును పరిశీలించండి. ఆ లోపలి గాడుల్లోనే రాత్రి పాట, అంటే ‘నైట్స్ ఇన్ వైట్ శాటిన్’, ఉంటుంది. దాని కోసమే సూదిని పదేపదే అక్కడ దించి ఉంటారు కాబట్టి అరుగుదల అక్కడే ఎక్కువ. డేవిడ్ ఆన్‌స్టీ గీసిన అట్ట ఎంత చక్కగా ఉన్నా, ఆ చివరి ఏడు నిమిషాలు గరగరమంటే మిగిలినదానికి అర్థముండదు. ఒకసారి ఈ జాగ్రత్త లేకుండా కొని, ఆ గరగరల మధ్య విని, మళ్లీ ఇంకొకటి వెతుక్కున్నాను.

ఫోనులోగానీ కంప్యూటరులోగానీ వినేవారు షఫుల్‌ను తప్పనిసరిగా ఆపేయాలి. ఒక పాట మీదికి మరొక పాటను కలిపే క్రాస్‌ఫేడ్ సదుపాయాన్ని కూడా ఆపండి. భాగాల మధ్య ఖాళీ లేకుండా వాయించే గ్యాప్‌లెస్ సదుపాయాన్ని మాత్రం ఆన్ చేసి పెట్టుకోండి. ఈ ఆల్బమ్‌లో ఒక భాగం ముగింపు తరువాతి భాగానికి తలుపు తెరుస్తుంది; అక్కడ అరసెకను నిశ్శబ్దం దూరినా, కచేరీ మధ్యలో శ్రుతిపెట్టె ఆగినట్టు ఉంటుంది. ప్రకటనలు దూరే ఉచిత యాప్‌లో దీనిని వినడం కన్నా వినకపోవడమే మేలని నా అభిప్రాయం.

మొదటిసారి వినడానికి నలభై అయిదు నిమిషాలు ఎవరూ పిలవని సమయాన్ని ఎంచుకోండి. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రో ప్రయాణంలో ఈ ఆల్బమ్ మొత్తం పట్టేస్తుంది కదా అని కొందరు అంటారు, కానీ స్టేషన్ల ప్రకటనల మధ్య, తలుపులు తెరుచుకునే చప్పుడు మధ్య ఆర్కెస్ట్రాలోని మెత్తని చోట్లన్నీ చెవికి అందకుండా పోతాయి. ఇంట్లో, రాత్రి భోజనాలయ్యాక, వీధిలో హారన్లు తగ్గిన వేళ మంచిది. స్పీకర్లలో వినేటట్టయితే రెండు స్పీకర్లూ, మీరూ సమాన దూరంలో మూడు మూలలుగా ఉండేలా కూర్చోండి, ఎందుకంటే ఈ రికార్డు స్టీరియో విస్తారాన్ని చూపడానికే తయారైంది. ఒకే డబ్బాలో రెండు స్పీకర్లు ఇమిడిన బ్లూటూత్ పరికరంలో వింటే ఆ విస్తారం ముద్దగా మారుతుంది. ఫ్యాను తగ్గించండి. వేసవి అయితే కష్టమే గానీ, ఆ నలభై నిమిషాలు ఓర్చుకోవడానికి తగిన ఫలితం ఉంటుంది.

ఈ మొదటిసారి పాటల సాహిత్యాన్ని ఎదురుగా పెట్టుకోవద్దు. ఎవరు ఏ వాద్యం వాయించారో చూడవద్దు. ఒకే ఒక్క పని చేయండి: వెలుతురు ఎలా మారుతోందో గమనించండి. మొదట ఆర్కెస్ట్రా చీకట్లోంచి నెమ్మదిగా పైకి లేస్తుంది, ఒక చిన్న కవిత వినిపిస్తుంది, ఆ తరువాత వేకువ పాట వస్తుంది. రే థామస్ రాసిన ఉదయపు పాటలో ఆయన వేణువే ముందుండి, పిల్లల ఆటలా గంతులేస్తుంది. జాన్ లాడ్జ్ రాసిన ‘పీక్ అవర్’ గిటారుతో, డ్రమ్ములతో పరుగు తీస్తుంది. ఎల్పీలో మొదటి వైపు సరిగ్గా అక్కడ ముగుస్తుంది. రికార్డును తిరగేయడానికి మీరు లేచే సమయం రోజులో సగం గడిచిన సమయమే కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. రెండవ వైపు మధ్యాహ్నపు బద్ధకంతో మొదలై, సూర్యాస్తమయం మీదుగా రాత్రికి చేరుతుంది.

రెండవసారి వినేటప్పుడు చెవికి ఒక పరీక్ష పెట్టండి. ఈ ఆల్బమ్ గురించి మాట్లాడే చాలామంది బృందమూ ఆర్కెస్ట్రా కలిసి కూర్చుని వాయించారని అనుకుంటారు. అది నిజం కాదు. బృందం తన పాటలను లండన్‌లోని వెస్ట్ హ్యాంప్‌స్టెడ్‌లో ఉన్న డెక్కా స్టూడియోలో విడిగా రికార్డు చేసింది. ఆ పాటల వరసలను తీసుకుని పీటర్ నైట్ మధ్య భాగాలను రచించారు. వాటిని ‘లండన్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రా’ అన్న పేరుతో రికార్డు చేసి, పాటల అంచులకు అతికారు. అయితే పాటల లోపల కూడా వయొలిన్ల గుంపు లాంటి ధ్వని వినిపిస్తుంది కదా, అది ఎక్కడిది అంటే, చాలావరకు అది మైక్ పిండర్ వాయించిన మెలోట్రాన్.

మెలోట్రాన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే దానిని గుర్తుపట్టడం సులువు. చూడటానికి అది పెద్ద హార్మోనియం లాంటి కీబోర్డు. ఒక్కొక్క మెట్టు కింద ఒక్కొక్క అయస్కాంత టేపు ముక్క ఉంటుంది. దాని మీద నిజమైన వయొలిన్లు, వేణువులు, గొంతులు ఒక్కొక్క స్వరం చొప్పున ముందే రికార్డయి ఉంటాయి. మెట్టు నొక్కగానే టేపు కదిలి ఆ స్వరం పలుకుతుంది. టేపు నిడివి సుమారు ఎనిమిది సెకన్లే కాబట్టి అంతకన్నా ఎక్కువసేపు స్వరాన్ని పట్టుకోవడం కుదరదు. వేలు ఎత్తగానే స్ప్రింగు బలంతో టేపు మళ్లీ మొదటికి వస్తుంది. అందువల్ల వాయించేవాడు వేళ్లను ఒకదాని తరువాత ఒకటిగా ఎత్తుతూ, దించుతూ, ధ్వని తెగకుండా చూసుకోవాలి. ఈ యంత్రం తయారైంది బర్మింగ్‌హామ్ ప్రాంతంలోనే. అక్కడి స్ట్రీట్‌లీ ఎలక్ట్రానిక్స్ సంస్థలో పిండర్ కొంతకాలం పనిచేశారు, కాబట్టి దాని లోపలి పేగుల వరకు ఆయనకు తెలుసు. ఈనాడు మన పెళ్లి మంటపాల్లో కీబోర్డు మీద సన్నాయి పలికించే పద్ధతికి మూలం ఇలాంటి యంత్రాల్లోనే ఉంది.

ఇప్పుడు పరీక్ష. రాత్రి పాటలో చరణం దాటి పల్లవిలోకి వెళ్లే చోట వెనుక తీగ వాద్యాల ధ్వని అలలా లేస్తుంది. దానిని కళ్లు మూసుకుని వినండి. స్వరం నిలకడగా ఉండదు; టేపు వేగంలోని సన్నని ఒడుదొడుకుల వల్ల నీటి మీద పడ్డ వెలుగులా కొద్దిగా వణుకుతుంది. ఒక స్వరం నుంచి ఇంకొక స్వరానికి జారేటప్పుడు కమాను మారే గీర ఉండదు, గాలి మళ్లినట్టు ఉంటుంది. అదే మెలోట్రాన్. ఇక పాట చివరికొచ్చి, గొంతులు ఆగాక ఆర్కెస్ట్రా వచ్చి అదే వరసను అందుకున్నప్పుడు చూడండి: ధ్వని ఒక్కసారిగా లోతు పుంజుకుని, ఒక్కొక్క వాద్యమూ తన చోట తాను కూర్చుని కనిపిస్తుంది. ఈ రెండు ధ్వనుల మధ్య అతుకును చెవి పట్టుకున్న క్షణం నుంచి ఆర్కెస్ట్రా భాగాలను దాటవేయాలని మీకు ఇక అనిపించదు. మధ్యలో వచ్చే వేణువు మాత్రం టేపు కాదు, రే థామస్ ఊపిరి. రెండింటినీ పోల్చుకుంటే ప్రాణమున్న స్వరమేదో తేలిపోతుంది.

మూడవసారి వినడం కొంచెం శ్రమతో కూడినది, కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆల్బమ్‌లోని ఒక్కొక్క భాగాన్ని ఆయా వేళకే వినాలి. దీనికి ఆదివారం పనికిరాదు, ఎందుకంటే ఆదివారం మధ్యాహ్నం మన వీధుల్లో ‘పీక్ అవర్’కు తగిన హడావుడి ఉండదు. పనిరోజున సెలవు పెట్టుకోండి. అది మంగళవారం అయితే మరీ మంచిది, ఎందుకంటే మధ్యాహ్న భాగంలో హేవర్డ్ రాసిన పాట ‘ట్యూజ్‌డే ఆఫ్టర్‌నూన్’ అన్న పేరుతోనే లోకానికి తెలుసు. హైదరాబాదులో సూర్యోదయం వేసవిలో అయిదూ నలభై ప్రాంతంలో, జనవరిలో ఆరూ నలభై అయిదు దాటాక అవుతుంది. దానికి పావుగంట ముందు మేడ మీదికి వెళ్లి మొదటి రెండు భాగాలు వినండి. ఆ వేళకు మసీదు నుంచి అజాన్, గుడి మైకులోంచి సుప్రభాతం వినిపిస్తుంటే, అవి పూర్తయ్యేదాకా ఆగి మొదలుపెట్టండి. వేకువకు వాటి హక్కు ముందుది. ఉదయపు పాటను పిల్లలు బడి ఆటోల్లో ఎక్కే వేళకు, ‘పీక్ అవర్’ను అమీర్‌పేట లాంటి రద్దీ కూడలిలో మధ్యాహ్నం ఒంటి గంటకు, హేవర్డ్ పాటను మూడు గంటలకు ఇంట్లో కిటికీ పక్కన వినండి.

సాయంత్రం దగ్గర మాత్రం ఒక సవరణ అవసరం. ఈ ఆల్బమ్ పుట్టిన లండన్ భూమధ్యరేఖకు చాలా ఉత్తరాన ఉంది. అక్కడ సూర్యుడు అస్తమించాక మునిమాపు వెలుతురు చాలాసేపు నిలుస్తుంది. మనం పదిహేడు డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, ఇక్కడ సూర్యుడు కుంకిన ఇరవై నిమిషాలకే చీకటి కమ్ముకుంటుంది. ‘ది సన్ సెట్’, ‘ట్వైలైట్ టైమ్’ రెండూ కలిసిన సాయంత్రపు భాగం ఏడు నిమిషాలకు లోపే ఉంటుంది. ట్యాంక్‌బండ్ మీద హుస్సేన్‌సాగర్ వైపు, అంటే పడమర వైపు తిరిగి నిలబడి, సూర్యుడి అంచు నీటి అవతలి భవనాలను తాకే సమయానికి ఈ భాగాన్ని మొదలుపెడితే, పిండర్ రాసిన మొదటి పాట మీద వెలుతురు, థామస్ రాసిన రెండవ పాట మీద చీకటి సరిగ్గా సరిపోతాయి. ఆలస్యం చేస్తే చీకటి పాటను దాటిపోతుంది. అక్కడి ట్రాఫిక్ చప్పుడుకు చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు కావాలి.

రాత్రి భాగం ఇంటికి వచ్చి, పది దాటాక వినవలసినది. ఈ పాట రాసేనాటికి హేవర్డ్ వయసు పందొమ్మిదేళ్లు. ఎవరో బహూకరించిన శాటిన్ దుప్పట్ల నుంచి పాట పేరు పుట్టింది. విడుదలైనప్పుడు బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో 19వ స్థానంతో ఆగిపోయి, 1972లో మళ్లీ విడుదలైనప్పుడు అమెరికాలో రెండవ స్థానం వరకు వెళ్లింది. ఇవి పైపై సంగతులు. పాట లోపలి సంగతి నాకు చెప్పినవారు చిక్కడపల్లిలో ఉండే మా మేనమామ గారు. ఆయన త్యాగరాయ గానసభలో కచేరీలు తప్ప మరొకటి వినరు. నా బలవంతం మీద ఒక రాత్రి ఈ పాట విని, తొడ మీద తాళం వేస్తూ, “ఇది తిశ్రంలో నడుస్తోందిరా, అందుకే ఊయలలా ఉంది” అన్నారు. నిజమే, ప్రతి దెబ్బా మూడు మూడుగా విడిపోయే నెమ్మది నడక అది. తరువాత చరణం చివరి మాట దగ్గర చెయ్యెత్తి ఆపమన్నారు. “మళ్లీ పెట్టు. ఇక్కడ శుద్ధ రిషభం పలికింది. అంతకుముందు చతుశ్రుతి వినిపించింది. ఇది తెల్లవారుజాము స్వరం కదా, రాత్రి పాటలో ఎందుకు పెట్టారు?” అని అడిగారు.

“వాళ్లకు వేళల లెక్క లేదు కదా మామయ్యా,” అన్నానుగానీ, ఆయన ప్రశ్న నన్ను వదలలేదు. పాట ‘ఈ మైనర్’ (E minor)లో ఉంది. చరణంలో ‘ఈ మైనర్’, ‘డి మేజర్’ కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) ఊగిసలాడి, తరువాత సి, జి మీదుగా దిగివచ్చి, ఎఫ్ మేజర్ మీద ఒక క్షణం నిలబడి, మళ్లీ ‘ఈ మైనర్’కు చేరుతాయి. ‘ఈ’ (E) అనే స్వరాన్ని షడ్జమం అనుకుంటే ఎఫ్ సరిగ్గా శుద్ధ రిషభమే, అంటే ‘స’కు అతి దగ్గరగా ఉండే ‘రి’; డి కార్డులో ఉన్న ఎఫ్ షార్ప్ దానికన్నా ఒక మెట్టు పైనుండే చతుశ్రుతి రిషభం. భూపాళం, బౌళి వంటి వేకువ రాగాల్లో షడ్జమాన్ని ఆనుకుని బరువుగా పలికే ఆ శుద్ధ రిషభమే ఇక్కడ ఒంటరి రాత్రికి గుండె బరువును ఇస్తోంది. ఇది రాగమని నేను అనడం లేదు. కార్డుల సంగీతానికి వేరే న్యాయం ఉంది. కానీ మీకు సరళీ స్వరాలు పాడుకునే పాటి జ్ఞానం ఉన్నా, పాటతోపాటు స, రి అని గొంతులో మెల్లగా అంటూ ఆ దిగుడును పట్టుకోండి. ఆ ఒక్క మెట్టు ఎక్కడ తగులుతుందో తెలిసిన తరువాత ఈ పాట మునుపటిలా వినిపించదు.

పాట అయ్యాక వచ్చే కవితను గ్రేమ్ ఎడ్జ్ రాశారు, మైక్ పిండర్ చదివారు. రేడియోల కోసం కుదించిన ప్రతుల్లో అది ఉండదు కాబట్టి పాట తెలిసినవారికి కూడా కవిత కొత్తగా ఉండవచ్చు. దానిని ముందే అనువదించుకుని అర్థం పెట్టుకుని వినవద్దు. చంద్రుడి వెలుతురులో రంగులు మాసిపోవడం గురించి అందులో ఒక భావం ఉంది, అది ఆ గొంతులోని నింపాదితోనే అందాలి. కవిత తరువాత ఆర్కెస్ట్రా చివరిసారి పైకి లేచి, ఒక పెద్ద కంచు జేగంట (గాంగ్) మోగుతుంది. ఆ మోత పూర్తిగా ఆరిపోయేదాకా పరికరాన్ని ముట్టుకోవద్దు, దీపం వేయవద్దు.

తరువాత వెంటనే మళ్లీ మొదటి భాగానికి వెళ్లండి. మొదట్లో మిమ్మల్ని విసిగించిన ఆ ఆరు నిమిషాల ఆర్కెస్ట్రాను ఇప్పుడు వినండి. పీటర్ నైట్ దానిని రాబోయే పాటల వరసలతోనే అల్లారు. మంగళవారం మధ్యాహ్నపు వరస అందులో మెరుస్తుంది; రాత్రి పాట వరస, మా మామయ్య చెయ్యెత్తి ఆపిన ఆ వరస, ఇంకా తెల్లవారకముందే తీగల మీద వినిపిస్తుంది.